నాట్యం చెవికి మాత్రమే మిగిలితే

బాఖ్ రాసిన కీబోర్డ్ సూట్ ఏదైనా తీసుకోండి. లోపల సాధారణంగా అలమాండ్, కూరాంట్, సరబాండ్, జీగ్ అని పేర్లుంటాయి. నాలుగూ నాట్యాల పేర్లే. కానీ ఈ సంగీతానికి ఎవరూ ఆడరు, కూచుని వినాలంతే.

ఆ మార్పు ఎంత పెద్దదో సరబాండ్‌లో తెలుస్తుంది. 1583లో స్పెయిన్‌లో దాన్ని అసభ్యమని నిషేధించారు. 1731లో బాఖ్ తన ఆరు పార్టిటాలను కలిపి అచ్చువేసేనాటికి అదే పేరు నిదానంగా, దాదాపు ప్రార్థనలా సాగే భాగానికి వచ్చింది. మూడు దెబ్బల తాళంలో రెండో దెబ్బ మీద బరువు పడటం మాత్రం చాలాచోట్ల మిగిలింది. హార్ప్సికార్డ్‌లో మెట్టు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఇంచుమించు ఒకటే. అందుకే ఆ బరువును గమకంతోనో, స్వరాన్ని ఇంకాస్త పట్టి ఉంచో చూపించాలి. పాదం చేసే పని వేలు చేస్తుందన్నమాట.

సరే, అలా వేళ్ళ మీదికి వచ్చేటప్పుడు ఆడినవాళ్ళు ఏమవుతారు? 1725లో పారిస్‌లోని ఇటాలియన్ థియేటర్‌లో ఉత్తర అమెరికా ఆదివాసులు ఇద్దరు నాట్యం చేశారు. అది చూసిన రామో హార్ప్సికార్డ్‌కి ఒక రచన చేసి ‘లే సొవాజ్’ అని పేరు పెట్టాడు. అంటే ‘ఆటవికులు’. 1736లో దాన్నే తన ఒపెరాలోకీ తీసుకున్నాడు. ఇప్పటికీ వాయిస్తారు, ఒకసారి వింటే నోట్లో ఆడుతూనే ఉంటుంది. కానీ అందులో ఉన్నది పల్లవి మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే ఫ్రెంచ్ రాందో. పుస్తకం మీద రామో పేరుంది. ఆడినవాళ్ళకి దక్కింది ఆ ఒక్క మాట.

ఇది చదివాక మా ఆదిలాబాద్ వైపు గుస్సాడీ గుర్తు రాక మానదు. దీపావళి ముందు దండారి పండగలో రాజ్‌గోండులు ఆడే నాట్యమది. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, పండగ అయ్యేదాకా స్నానం లేదు. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి అతిథిగా పోతుంది, ఆ ఊరు అన్నం పెడుతుంది. పర్ధాన్లు పెప్రె ఊదుతారు. ఇందులో ఆట ఎక్కడ ఆగుతుందో, మొక్కు ఎక్కడ మొదలవుతుందో, చుట్టరికం ఎక్కడ కలుస్తుందో గీత గీయలేం.

గుస్సాడీ కూడా స్టేజీ ఎక్కింది. కానీ మర్లవాయి కనకరాజు గారు ఆడి, ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో పోయారు. ఆడినాయన పేరు మనకి తెలుసు. ఆట ఊళ్ళని వదిలిపెట్టలేదు కూడా, దండారి ఏటా వస్తూనే ఉంది.

సూట్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సరబాండ్ ఆడేవాళ్ళు పోయాక దాని నడకని ఇన్నాళ్ళు మోసినవాటిలో ఆ నోట్ పుస్తకాలు ముఖ్యమైనవి. గుస్సాడీ సంగతి వేరు, ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. రేపు ఎవరైనా ఆ డప్పు దెబ్బని రికార్డు చేసి లూప్‌గా మార్చి తమ ట్రాక్‌లో పెట్టుకుంటే, కింద ఏ ఊరి పేరు రాస్తారు? రామోని అప్పట్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. మనం అడగొచ్చు.