గుత్తి కోట నుంచి కువైట్ కొలువు దాకా

అనంతపురం, శ్రీసత్యసాయి, అన్నమయ్య, కడప జిల్లాల పల్లెల్లో రాజరికం పాఠ్యపుస్తకంలోని పాఠం కాదు. వానలు మొహం చాటేసి, చెనిక్కాయ పంటకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాని ఏడాది ఇంట్లో ఒకరు కువైట్ బయల్దేరడం అక్కడ దశాబ్దాలుగా చూస్తున్నదే. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి వెళ్లేవారిలో ఇంటిపనికి పోయే ఆడవాళ్లు ఎందరో. దిగేది అమీరు ఏలే దేశంలో. ఉండనిచ్చే అకామా ఆ ప్రభుత్వం ఇచ్చేది, క్షమాభిక్ష ప్రకటించి ఇంటికి పంపేదీ ఆ ప్రభుత్వమే.

నేటికీ ప్రపంచంలో నలభైకి పైగా దేశాలకు రాజో, రాణో, అమీరో, సుల్తానో దేశాధినేత. అందులో పదిహేను దేశాలకు రాజు ఒక్కడే, బ్రిటన్ రాజు మూడో చార్లెస్. అయితే అందరు రాజులూ ఒక్కటి కాదు. స్వీడన్ రాజుకు ప్రధానిని ఎంపిక చేసే పని కూడా లేదు. 1974 నాటి కొత్త రాజ్యాంగం ఆ బాధ్యతను పార్లమెంటు స్పీకరుకు అప్పగించింది. జపాన్ చక్రవర్తికి పాలనాధికారం ఏదీ లేదని 1947 రాజ్యాంగం తేల్చి చెప్పింది. ఇటు సౌదీ అరేబియాలో రాజు మాటే ప్రభుత్వం. ఈ రెండు కొసల మధ్య ఎన్నో మెట్లున్నాయి. రాయలసీమ మనిషికి ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు ఈ గడ్డ మీది రాజులు ఏమయ్యారో చూడాలి.

విజయనగరం 1565లో కూలాక తిరుమలరాయలు పెనుకొండకు తరలివచ్చి అక్కడి నుంచే ఏలాడు. రెండు శతాబ్దాల తర్వాత గుత్తి కోటలో మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే జెండా ఎగిరింది. కర్ణాటక యుద్ధాల కాలంలో ఆయన అశ్విక దళం ఎటు మొగ్గితే అటు పక్షానికి బలం. ఆర్కాటు ముట్టడిలో రాబర్ట్ క్లైవుకు సాయంగా కదిలింది కూడా ఆయనే. అంతటి వాడు 1776లో హైదర్ అలీకి లొంగిపోవాల్సి వచ్చింది. ఫిరంగులకు లొంగని కొండకోట నీళ్లకు లొంగింది. ముట్టడి నెలల తరబడి సాగి కోటలో నీళ్లు అడుగంటాయి. కరవు సీమలో ఒక రాజ్యం ముగిసిన తీరు అది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. పాళెగాళ్ల బలాన్ని విరిచి, రైతు దగ్గర సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ఊరూరా ఉన్న చిన్న రాజుల ప్రాభవం అక్కడితో సరి. చుట్టుపక్కల మిగిలింది చిన్న సంస్థానాలే: కర్నూలు వైపు నవాబులేలిన బనగానపల్లె, బళ్లారి వైపు మురారిరావు వంశంవారి సండూరు.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో బనగానపల్లె నవాబూ, కువైట్ షేకూ బ్రిటిష్ ఇండియా ఛత్రం కింద ఉన్న పాలకులే. 1899 జనవరి 23న కువైట్ పాలకుడు షేక్ ముబారక్ బ్రిటిష్ వారితో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ల అనుమతి లేకుండా తన భూమిలో గజం కూడా మరొకరికి ఇవ్వనని, మరో దేశపు ప్రతినిధిని తన దగ్గర ఉంచుకోనని మాటిచ్చాడు. అందుకు ముట్టిన సొమ్ము పదిహేను వేల రూపాయలు. గల్ఫ్ వ్యవహారాలు చూసే బ్రిటిష్ రెసిడెంటు జవాబు చెప్పుకోవాల్సింది లండన్‌కు కాదు, భారత ప్రభుత్వానికి. 1947 దాకా అదే ఏర్పాటు.

రూపాయి బంధం ఆ తర్వాతా తెగలేదు. గల్ఫ్ బజార్లలో మన రూపాయే చెల్లేది. బంగారం దొంగరవాణాకు రూపాయలు ధారపోస్తున్నారని రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చు వేయించింది. చూడటానికి మన నోటే, రంగు వేరు. పది రూపాయల నోటు ఎర్రగా, వంద నోటు ఆకుపచ్చగా ఉండేవి. నంబరు ముందు జెడ్ అక్షరం ఉండేది. కువైట్ 1961లో సొంత దీనారు తెచ్చుకుంది, అదే ఏడాది స్వతంత్రమైంది. ఇవాళ ఆ దీనారును రూపాయల్లోకి మార్చి పంపే డబ్బుతో సీమ పల్లెల్లో మిద్దెలు లేస్తున్నాయి.

ఒకే ఛత్రం కింద బతికిన పాలకుల దారులు చీలింది ఎక్కడ? ఇక్కడ ప్రజా ఉద్యమం ఉంది, సర్దార్ పటేల్ పట్టుదల ఉంది. బనగానపల్లె 1948లో, సండూరు 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయాయి. సంస్థానాధీశులకు రాజభరణాలు, బిరుదులు మాత్రం మిగిలాయి. అక్కడ 1938లో కువైట్ బుర్గాన్ ప్రాంతంలో చమురు పడింది. భూమిలోంచి సొమ్ము వస్తుంటే పాలకుడికి జనం కట్టే పన్ను అక్కర్లేదు. పన్ను వేయని రాజును లెక్క అడగడం కష్టం. 1971 డిసెంబరు నెల ఈ రెండు దారులనూ పక్కపక్కన చూపిస్తుంది. ఆ నెల 2న గల్ఫ్ తీరంలో ఆరుగురు షేకులు కలిసి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే స్వతంత్ర దేశాన్ని ప్రకటించారు. రస్ అల్ ఖైమా పాలకుడు తర్వాత చేరాడు. అదే నెల చివర 26వ రాజ్యాంగ సవరణతో మన దేశంలో రాజభరణాలు, రాజుల గుర్తింపు రద్దయ్యాయి.

సండూరు ఘోర్పడేలు ఆ మార్పును హుందాగా స్వీకరించారు. ఆ వంశానికి చెందిన ఎం.వై. ఘోర్పడే ఓట్లడిగి గెలిచి, దేవరాజ్ అరసు మంత్రివర్గంలో కర్ణాటక ఆర్థికమంత్రిగా పనిచేశారు. గుత్తిని కత్తితో ఏలిన ఇంటి పేరు బడ్జెట్ పుస్తకం మీదికి చేరింది.

అనంతపురం జిల్లాకు మరో ప్రత్యేకత ఉంది. రాజ్యాంగబద్ధ రాజు చేసే పనిని ఎన్నికై వచ్చి చేసిన మనిషిని ఇచ్చిందీ ఈ జిల్లానే. ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మన రాష్ట్రపతి పదవిని బ్రిటిష్ రాజు పద్ధతిలోనే మలిచారు. మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. కానీ ఎవరికీ మెజారిటీ తేలనప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి విజ్ఞతే మిగులుతుంది. 1979లో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక సంజీవరెడ్డి ముందు వై.బి. చవాన్‌ను, తర్వాత చరణ్ సింగ్‌ను పిలిచారు. చరణ్ సింగ్ బలపరీక్షకు పోకుండానే ఆగస్టు 20న దిగిపోయారు. జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వాలని కోరుతుండగానే 22న లోక్‌సభ రద్దయింది. జగ్జీవన్ రామ్‌కు అన్యాయం జరిగిందన్న విమర్శ నేటికీ ఉంది, అందులో బలమూ ఉంది. ఆయనకు సభలో బలం చూపించే అవకాశం దక్కాల్సింది.

మలేసియాలో 2022 నవంబరులో అచ్చంగా ఇదే చిక్కు వచ్చింది. 222 సీట్ల పార్లమెంటులో ఏ కూటమికీ 112 రాలేదు. ఆ దేశపు పద్ధతి అరుదైనది. తొమ్మిది రాష్ట్రాల వంశపారంపర్య పాలకులు తమలో ఒకరిని ఐదేళ్లకు రాజుగా ఎన్నుకుంటారు. అప్పటి రాజు సుల్తాన్ అబ్దుల్లా పార్టీల నేతలను పిలిచి మాట్లాడి, తోటి సుల్తానులను సంప్రదించి, నవంబరు 24న అన్వర్ ఇబ్రహీంతో ప్రమాణం చేయించాడు. తోటపనికి వలసపోయిన మన ఉత్తరాంధ్రవారి మనవలు, మునిమనవలు ఆ దేశంలో పౌరులుగా ఓటు వేస్తున్నారు. రాజు ఎంపిక నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో మాట చెప్పగలరు.

కువైట్‌లో ఉన్న సీమవారికి ఆ వీలు లేదు. వాళ్లు అక్కడ పౌరులు కారు.

అలాగని కువైట్‌ను సౌదీతో కలిపి కట్టేయడం తప్పు. 1962లోనే రాజ్యాంగం రాసుకుని మరుసటి ఏడాది యాభై మంది సభ్యులతో సభను ఎన్నుకున్న దేశమది. ఆ రాజ్యాంగం ప్రకారం ముబారక్ సంతతివాడే అమీరు కావాలి, యువరాజు ఎంపికకు సభ ఆమోదం కావాలి. 2006 జనవరిలో కొత్త అమీరు సాద్ అనారోగ్యంతో బాధ్యతలు మోయలేడని సభ ఓటు వేసి ఆయన్ను దించేసింది. ఒక అరబ్ పాలకుణ్ని పార్లమెంటు ఓటుతో దించడం చిన్న విషయం కాదు. మహిళలకు ఓటు హక్కు అంతకు ముందు ఏడాదే వచ్చింది. కానీ అమీరుకు సభను పక్కనపెట్టే శక్తీ ఉంది. 1976లో, 1986లో అదే జరిగింది. 2023 డిసెంబరులో గద్దెనెక్కిన అమీరు మిషాల్ 2024 మే 10న సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ల వరకూ నిలిపివేశారు.

ఆ సభ చేసిన చట్టాల్లో ఒకటి సీమ ఇళ్లకు నేరుగా సంబంధించింది. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం 20 నంబరు వీసా మీద ఇంటిపని చేసేవారికి వారానికొక రోజు సెలవు, ఏటా జీతంతో కూడిన నెల రోజుల సెలవు ఇవ్వాలి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. కాగితం మీద ఇది మంచి చట్టం. కానీ అకామా ఇంకా కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరుతోనే ముడిపడి ఉంది. హింస భరించలేక ఇల్లు దాటిన మనిషి చట్టం దృష్టిలో పారిపోయినట్టే లెక్క, ‘ఖల్లివెల్లి’ అయిపోతుంది. ఆ తర్వాత ఇంటికి తిరిగి రావడానికి కావాల్సిన ఔట్‌పాస్ కోసం, క్షమాభిక్ష కోసం ఎదురుచూపే. 2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఊపిరి పీల్చుకున్న ఇళ్లు సీమలో ఎన్నో. అది హక్కుగా వచ్చింది కాదు, ఏలినవారు దయ తలిస్తే వచ్చింది. అమల్లో లోపాలను నిలదీసే సభ కూడా ఇప్పుడు అక్కడ లేదు.

కాబట్టి అడగాల్సింది ఇక్కడే. ఇంటిపనివారి విషయమై 2021 జూన్‌లో భారత్, కువైట్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని అమలును మన పార్లమెంటులో ప్రశ్నించవచ్చు. ప్రవాస భారతీయులకు 2010 సవరణతో ఓటు హక్కు వచ్చినా, పోలింగు రోజున సొంత ఊరికి వచ్చి వేయాలి. నెలకు 60 దీనార్ల మనిషికి అది అయ్యే పని కాదు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు, భర్తలు, పెద్దైన పిల్లలు. ఓట్ల కోసం గడప తొక్కే ప్రతి అభ్యర్థినీ కువైట్ ఒప్పందం సంగతి అడగండి. ప్రయాణానికి ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు పేరు ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక జత దాచండి.