టైప్ 1 డయాబెటిస్: పిల్లల షుగర్ చూస్తున్నారు సరే.. చిగుళ్లు చూశారా?

పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ ఉందని తేలిన రోజు నుంచి ఇంట్లో అందరి చూపూ గ్లూకోమీటర్ మీదే. పొద్దున ఎంత ఉంది, పడుకునే ముందు ఎంత ఉంది, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, స్కూల్లో ఎవరు చూస్తారు.. రోజంతా ఇదే లెక్క. కళ్లు జాగ్రత్త, కిడ్నీలు జాగ్రత్త, కాళ్లు జాగ్రత్త అని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నోటి సంగతి మాత్రం చాలా ఇళ్లలో పన్ను నొప్పితో పిల్లలు ఏడ్చిన రోజే గుర్తొస్తుంది. కానీ షుగర్ అదుపు తప్పితే దాని ప్రభావం చిగుళ్ల మీద చిన్న వయసులోనే కనిపిస్తుంది. పైగా ఇది ఇంట్లోనే, అద్దం ముందు నిలబెట్టి చూసుకోగలిగిన విషయం.

ముందు ఒక మాట. ఇది పెద్దవాళ్లకు వచ్చే షుగర్ లాంటిది కాదు. టైప్ 1లో శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు రాదు. తల్లిదండ్రుల పెంపకం వల్లా రాదు. ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాల్సిందే, వేరే దారి లేదు. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ 2021లో వేసిన అంచనా ప్రకారం 20 ఏళ్లలోపు టైప్ 1 ఉన్నవాళ్లు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా మన దేశంలోనే ఉన్నారు.. సుమారు 2.29 లక్షల మంది. ఐసీఎంఆర్ 2022లో టైప్ 1 కోసం ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ కూడా విడుదల చేసింది.

చిగుళ్లకూ షుగర్‌కూ లింకేంటి?

పళ్ల మీద రోజూ పాచి పడుతుంది. అందరికీ పడుతుంది. అందులోని బ్యాక్టీరియాకు శరీరం స్పందించే తీరులోనే తేడా ఉంటుంది. రక్తంలో గ్లూకోజ్ చాలాకాలం ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు సరిగ్గా పోరాడలేవు. వాపు మాత్రం మామూలు కంటే ఎక్కువగా వస్తుంది, తొందరగా తగ్గదు. చిన్న రక్తనాళాలు దెబ్బతినడంతో మానాల్సిన పుండు మానదు. అంటే పక్కింటి పిల్లాడి పళ్ల మీద ఎంత పాచి ఉందో అంతే ఉన్నా, షుగర్ అదుపులో లేని పిల్లాడి చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి, ఎక్కువగా రక్తం కారుతాయి.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు డయాబెటిస్ ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలను, లేని పిల్లలతో పోల్చి చూశారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. డయాబెటిస్ ఉన్న పిల్లల్లో చిగుళ్ల వాపు ఎక్కువగా ఉంది. అక్కడితో ఆగలేదు, పంటిని పట్టి ఉంచే కణజాలం కూడా కొందరిలో దెబ్బతినడం మొదలైంది. పాల పళ్లు ఇంకా పూర్తిగా ఊడని వయసులోనే ఈ తేడా కనిపించింది. డయాబెటిస్‌తో వచ్చే సమస్యల్లో చిగుళ్ల జబ్బు ఆరోది అని హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త 1993లోనే అన్నారు. ముప్పై ఏళ్లు దాటింది. మన దగ్గర షుగర్ చెకప్‌కు వెళ్లిన పిల్లాడిని నోరు తెరవమని అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం. చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, షుగర్ పెరుగుతుంది. పెరిగిన షుగర్ మళ్లీ చిగుళ్లను దెబ్బతీస్తుంది. కాక్రేన్ సంస్థ 2022లో ప్రచురించిన సమీక్షలో, చిగుళ్లకు వైద్యం చేయించుకున్న డయాబెటిస్ పేషెంట్లలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గినట్టు తేలింది. అయితే ఆ పరిశోధనల్లో ఎక్కువ మంది టైప్ 2 ఉన్న పెద్దవాళ్లు. కాబట్టి క్లీనింగ్ చేయిస్తే మా పాప హెచ్‌బీఏ1సీ అంత తగ్గిపోతుందని లెక్క వేసుకోవద్దు. కానీ ఇన్సులిన్ డోసు, తిండి అన్నీ సరిగ్గానే ఉన్నా రీడింగులు కారణం లేకుండా ఎక్కువగా వస్తుంటే.. ఒకసారి నోరు కూడా చూడాలి. దవడ పన్ను కింద చేరిన చీము కూడా షుగర్‌ను పైకి లాగుతుంది.

టీనేజ్‌లో మరీ జాగ్రత్త. ఆ వయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, చిగుళ్లూ తొందరగా వాస్తాయి. అమ్మానాన్న చెప్పే మాట వినబుద్ధి కానిది కూడా అప్పుడే. గుట్కా, ఖైనీ, సిగరెట్ లాంటివి ఎక్కడైనా మొదలైతే చిగుళ్ల పరిస్థితి ఇంకా చెడుతుంది.

మరి పిప్పి పళ్లు?

ఇక్కడ కథ అంత సూటిగా ఉండదు. టైప్ 1 ఉన్న పిల్లలు స్వీట్లు, కూల్ డ్రింకులు తక్కువ తీసుకుంటారు కాబట్టి కొందరికి పళ్లు బాగానే ఉంటాయి. ఇంకొందరికి ఎక్కువగా పాడవుతాయి. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రం ఎక్కువగా పోతుంది, ఒంట్లో నీరు తగ్గి నోరు ఎండిపోతుంది. పళ్లను కడిగేది, యాసిడ్‌ను తగ్గించేది లాలాజలమే. అది తగ్గితే పంటికి కాపలా పోయినట్టే. పైగా ఆ లాలాజలంలో గ్లూకోజ్ పెరుగుతుంది. నోట్లో తెల్లటి పొర, పెదవుల మూలల్లో పగుళ్లు వస్తే అది ఫంగస్ కావచ్చు. ఎండిన నోరు, ఎక్కువ గ్లూకోజ్ ఉన్నచోట ఫంగస్ సులభంగా పెరుగుతుంది.

లో షుగర్ వస్తే పళ్ల గురించి ఆలోచించొద్దు

తల్లిదండ్రులను బాగా తికమక పెట్టేది ఇదే. పళ్లు పాడవుతాయని తీపి మానమంటారు, లో షుగర్ వస్తే తీపి పెట్టమంటారు. ఏది వినాలి? దీనికి జవాబు ఒక్కటే. రీడింగ్ 70 కంటే తగ్గితే ముందు గ్లూకోజ్. పళ్ల సంగతి ఆ తర్వాత. పన్ను పాడైతే బాగు చేసుకోవచ్చు, లో షుగర్‌లో ఆలస్యం చేస్తే పిల్లలకు ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు.

అయితే ఏం పెడుతున్నాం అన్నది మన చేతిలో ఉంది. పిల్లల బరువులో కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజ్ అనేది డాక్టర్లు వాడే లెక్క. అంటే 30 కిలోల పిల్లాడికి 9 గ్రాములు, 50 కిలోలు ఉంటే 15 గ్రాములు. గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగిస్తే చాలు. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చాక్లెట్ మంచిది కాదు. అందులోని కొవ్వు వల్ల షుగర్ మెల్లగా ఎక్కుతుంది, పైగా పళ్లకు అంటుకుంటుంది. టాఫీ, చిక్కీ, జెల్లీ లాంటివీ అంతే, గంటల తరబడి దవడ పళ్ల సందుల్లో ఉండిపోతాయి.

రీడింగ్ మామూలు స్థాయికి వచ్చి, పిల్లలు పూర్తిగా తేరుకున్నాక రెండు గుక్కల మంచినీళ్లతో పుక్కిలించమనండి. రాత్రి రెండు గంటలకు నిద్రకళ్లతో ఉన్న పిల్లలను లేపి బ్రష్ చేయించక్కర్లేదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి ఆ పుక్కిలింతే చాలా పని చేస్తుంది. రాత్రిపూట లో షుగర్ తరచుగా వస్తుంటే మాత్రం అది పళ్ల సమస్య కాదు. ఇన్సులిన్ డోసు మార్చాలేమో డాక్టర్‌ను అడగాలి.

ఒక హెచ్చరిక. స్పృహ లేని పిల్లల నోట్లో చక్కెర నీళ్లు, జ్యూస్ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే ఇచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పదకొండు గంటల స్నాక్ కూడా చూడాలి. రోజుకు రెండు పూటలా కలిపి ఇచ్చే పాత రకం ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు మధ్య మధ్యలో తినిపించక తప్పదు. మన ఇళ్లలో దానికి మొదట చేతికందేది బిస్కెట్ ప్యాకెట్. ఎన్నిసార్లు పిండి పదార్థం నోట్లో పడితే అన్నిసార్లు పంటి మీద యాసిడ్ తయారవుతుంది. ఉడికించిన శనగలు, జామకాయ ముక్కలు లాంటివి బిస్కెట్‌లా పంటికి అతుక్కోవు. కాకపోతే డైటీషియన్ చెప్పిన కార్బోహైడ్రేట్ లెక్క తగ్గకుండా చూసుకుని మార్చాలి. పడుకునే ముందు పాలు ఇస్తుంటే బ్రష్ పాల తర్వాతే.

ఆ వాసన పళ్లది కాకపోవచ్చు!

పిల్లల నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన, లేదా నెయిల్ పాలిష్ తుడిచే రిమూవర్ లాంటి వాసన వస్తోందా? దాంతో పాటు వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం, మత్తుగా ఉండటం కనిపిస్తే అది కీటోన్ల వల్ల కావచ్చు. డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. ఇన్సులిన్ అందక శరీరం కొవ్వును కరిగిస్తున్నప్పుడు వచ్చే ప్రమాదం ఇది. మౌత్ వాష్‌తో తగ్గేది కాదు, డెంటిస్ట్ దగ్గర చూపించేది కాదు. నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఇప్పటిదాకా షుగర్ ఉందని తెలియని పిల్లలకైనా సరే.. విపరీతమైన దాహం, పదే పదే మూత్రం, బరువు తగ్గడం, నోరెండిపోవడం కనిపిస్తే వెంటనే, అదే రోజు షుగర్ టెస్ట్ చేయించండి.

డెంటిస్ట్ దగ్గరకు ఇలా వెళ్లాలి

ఆరు నెలలకోసారి చూపించాలి. చిగుళ్లు కారుతుంటే అంతకంటే ముందే. అపాయింట్‌మెంట్ ఉదయం పూట, టిఫిన్ తిని రోజూ వేసే ఇన్సులిన్ వేశాక పెట్టుకోవడం మేలు. చికిత్స ఉంది కదా అని పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకెళ్లేవాళ్లుంటారు. ఇన్సులిన్ వేసి తిండి మానిపిస్తే కుర్చీలోనే లో షుగర్ వస్తుంది. మీటర్, గ్లూకోజ్ పొడి, నీళ్ల సీసా బ్యాగులో ఉండాలి. కుర్చీ ఎక్కే ముందు ఒకసారి షుగర్ చూడండి. తక్కువగా ఉంటే సరిచేసి మొదలుపెట్టాలి. బాగా ఎక్కువగా ఉండి కీటోన్లు కూడా కనిపిస్తే, అత్యవసరం కాని పని వాయిదా వేసి షుగర్ డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

చాలామందికి తట్టని విషయం మత్తు సూది. పన్ను మొద్దుబారేలా సూది వేశాక రెండు మూడు గంటలు పెదవి, నాలుక మొద్దుగా ఉంటాయి. పిల్లలు తెలియక పెదవి కొరికేసుకుంటారు కాబట్టి మత్తు వదిలేదాకా గట్టి తిండి పెట్టకూడదు. భోజనం ఇన్సులిన్ మాత్రం టైమ్ అయిందని ముందే వేసేశారనుకోండి.. లోపల ఇన్సులిన్ పని చేస్తుంటుంది, పిల్లలు తినలేరు. అందుకే ఎప్పుడు తినగలరో డెంటిస్ట్‌ను అడిగి, దాన్నిబట్టి మీ డాక్టర్ చెప్పినట్టు భోజనం డోసు వేయాలి. పన్ను తీయించాక మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం లాంటివి పెట్టొచ్చు, కార్బ్ లెక్క మాత్రం వేయాల్సిందే.

పూర్తి మత్తు ఇచ్చి చేసే చికిత్స అయితే గంటల తరబడి ఏమీ తినకూడదు. అప్పుడు మనంతట మనమే ఇన్సులిన్ ఆపేయకూడదు. రోజంతా పనిచేసే బేసల్ ఇన్సులిన్ ఆగితే కీటోన్లు వస్తాయి. డెంటిస్ట్, మత్తు డాక్టర్, షుగర్ డాక్టర్ ముగ్గురూ ముందే మాట్లాడుకోవాలి. ఆ రోజు లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు. పంటి నొప్పితో పిల్లలు తినకపోయినా ఇదే మాట, ఇన్సులిన్ పూర్తిగా మానేయకుండా డాక్టర్‌ను అడిగి డోసు మార్చుకోవాలి.

ఇక రోజూ ఇంట్లో చేసేది అందరికీ తెలిసిందే. రెండు పూటలా రెండు నిమిషాలు, చిగురు అంచు దాకా బ్రష్ చేయాలి. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేస్తుంటారు. అక్కడ పాచి ఇంకా పేరుకుంటుంది, ఇంకా కారుతుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే చేయాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ సరిపోతుంది. అన్ని పేస్టుల్లోనూ ఫ్లోరైడ్ ఉండదు, డబ్బా మీద చదివి కొనండి. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పెరిగినవాళ్లకు ఈ పేరు వింటేనే భయం, అది సహజం. చిన్నపిల్లలు పేస్ట్ మింగకుండా దగ్గరుండి ఉమ్మించాలి, ఏ పేస్ట్ వాడాలో డెంటిస్ట్‌ను అడగాలి. చిగుళ్ల మీద లవంగ నూనె పూయడం, బొగ్గుతో రుద్దడం వద్దు. లవంగ నూనె లేత చిగుళ్లను కాలుస్తుంది.

ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్నును చాలామంది పాల పన్ను అనుకుని వదిలేస్తారు. దాని మీది గీతల్లో ఆహారం ఇరుక్కోకుండా డెంటిస్టులు సీలెంట్ వేస్తారు, నొప్పి ఉండదు. వంకర పళ్లకు క్లిప్పులు పెట్టించాలనుకుంటే టైప్ 1 ఉన్నంత మాత్రాన వద్దనేమీ లేదు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉండి, గత కొన్ని నెలల షుగర్ అదుపులో ఉంటే పెట్టించొచ్చు. తీగల చుట్టూ పాచి త్వరగా చేరుతుంది కాబట్టి క్లిప్పులు ఉన్నంతకాలం క్లీనింగ్ కోసం ఇంకా తరచుగా వెళ్లాల్సి వస్తుంది. తాజా హెచ్‌బీఏ1సీ రిపోర్టు, ఇన్సులిన్ పేర్లు, డోసులు రాసిన కాగితం డెంటిస్ట్ దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.