స్క్రూలు విప్పితే ఊడని డిస్క్

ల్యాప్‌టాప్‌లో డిస్క్ అరిగిపోయే వస్తువేనని మొదటి నుంచీ అందరికీ తెలుసు. 1988లో ప్రైరీటెక్ సంస్థ 20 మెగాబైట్ల హార్డ్‌డిస్క్‌ను రెండున్నర అంగుళాల కొలతలో తెచ్చింది. తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ల్యాప్‌టాప్‌లకు అదే కొలత నిలిచింది. లోపల పళ్లెం తిరగాలి, దానిమీద తల కదలాలి. కింద పడితే పోతుంది, పడకపోయినా ఏదో ఒకరోజు పోతుంది. అందుకే తయారీదారులు దాన్ని నాలుగు స్క్రూలతో ఊడివచ్చేలా బిగించారు. పాతది తీసి కొత్తది పెట్టడం మెకానిక్‌కు అరగంట పని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో ఇది నిత్యం జరిగే పని. పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే మూలన పడ్డ మెషీన్ కూడా మళ్లీ చురుగ్గా నడిచేది.

ఎస్‌ఎస్‌డీకి ఆధారమైన నాండ్ ఫ్లాష్‌ను తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో లోకానికి వెల్లడించింది. ఇందులో తిరిగే భాగాలు లేవు. సన్నని పొర వెనక ఎలక్ట్రాన్లను బంధించి సమాచారాన్ని దాస్తారు. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కొంత బలహీనపడుతుంది. ఒక్క బిట్ దాచే గడి సుమారు లక్షసార్లు తట్టుకుంటే, ఒక్కో గడిలో మూడు బిట్లు కుక్కాక ఆ లెక్క వేలల్లోకి జారింది. ఇక్కడే కొత్త భయం పుట్టింది. 2021 ఆరంభంలో ఆపిల్ ఎం1 చిప్ ఉన్న కొన్ని మ్యాక్‌లు డిస్క్ మీద ఊహించనంత డేటా రాస్తున్నాయన్న ఫిర్యాదులు రావడంతో అది మరింత పెరిగింది.

కానీ ఆధారాలు ఈ భయాన్ని బలపరచడం లేదు. టెక్ రిపోర్ట్ పత్రిక 2013 నుంచి 2015 వరకు ఆరు మామూలు ఎస్‌ఎస్‌డీలను చచ్చేదాకా రాయించి చూసింది. అన్నీ 700 టెరాబైట్లు దాటాయి. రెండు 2,000 టెరాబైట్లను కూడా దాటాయి. రోజుకు 30 గిగాబైట్లు రాసేవారికి ఏడాదికి పదకొండు టెరాబైట్లు, అంటే 700 చేరడానికి అరవై ఏళ్లకు పైనే. ఆ పరీక్షలో ఎక్కువ భాగం రెండు బిట్ల డిస్కులే కదా అనవచ్చు. నిజమే, కానీ అందులో ఉన్న ఒక్క మూడు బిట్ల డిస్క్ కూడా 900 టెరాబైట్లు దాటింది. గూగుల్ డేటా సెంటర్ల ఫ్లాష్ డ్రైవ్‌ల మీద 2016లో వెలువడిన అధ్యయనం మరో సంగతి చెప్పింది: లోపాలకు ఎంత రాశామన్నదానికన్నా డ్రైవ్ వయసుతోనే ఎక్కువ సంబంధం ఉంది. మార్చాల్సిన అవసరం హార్డ్‌డిస్క్‌లకన్నా తక్కువే వచ్చినా, సరిదిద్దలేని లోపాలు మాత్రం ఫ్లాష్‌లోనే ఎక్కువ.

అంటే డిస్క్ రాతలతో అరిగిపోయేలోపే కంట్రోలర్ చెడటమో, బోర్డు మీద నీళ్లు పడటమో జరగవచ్చు. అప్పుడు పాత పద్ధతిలో డిస్క్‌ను ఊడదీసి మరో మెషీన్‌లో పెట్టి చూసేవారు. కానీ 2015 నాటి 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో, 2016లో టచ్ బార్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రోతో ఆపిల్ నిల్వ చిప్‌లను మదర్‌బోర్డుకే టంకం వేసింది. ఇంకొన్ని కంపెనీల పలుచని మోడళ్లూ ఆ దారి పట్టాయి. ఇప్పుడు బోర్డు పోతే అందులోని ఫొటోలు, లెక్కలు, రాతలు కూడా పోయే ప్రమాదం ఉంది. మన్నిక పెరిగిన రోజుల్లోనే బాగుచేసే దారి మూసుకుపోయింది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

పలుచదనం కోసం, వేగం కోసం, భద్రత కోసం ఇది తప్పదని కంపెనీల పక్షాన వాదిస్తారు. అయితే ఊడదీయగల ఎం.2 డిస్క్ 22 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే. చాలా పలుచని ల్యాప్‌టాప్‌లలో అది ఇమిడిపోతూనే ఉంది. భద్రత మాటకొస్తే, ఆపిల్ సొంత మ్యాక్ స్టూడియోలోనూ, 2024 మ్యాక్ మినీలోనూ నిల్వ మాడ్యూల్ ఊడివస్తుంది, ఎన్‌క్రిప్షన్ యథాతథంగా పనిచేస్తుంది. బల్ల మీది మెషీన్‌లో కుదిరినది ఒడిలోని మెషీన్‌లో అసలే కుదరదంటే నమ్మలేం. కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు డిస్క్ ఎన్ని టెరాబైట్లు తట్టుకుంటుందని అడిగే ముందు, అది ఊడివస్తుందా అని అడగండి. ఊడిరానిదే కొనక తప్పకపోతే, అదే రోజు బయట ఒక డిస్క్ కూడా కొని మీ ఫైళ్లకు రెండో ప్రతి ఉంచుకోండి.