గోల్కొండ ఉక్కు – మచిలీపట్నం రేవు: పోత, సాగగొట్టుడుల నడుమ ఒక లోహ చరిత్ర

1. ఉపోద్ఘాతం:

కృష్ణా డెల్టా ఒండ్రు నేల. గుడివాడ నుండి నాగాయలంక వరకు విస్తరించిన ఈ ప్రాంతం వరికి ప్రసిద్ధమే గాని ఇనుప ఖనిజానికి కాదు. అయినా 17వ శతాబ్దిలో మచిలీపట్నం రేవు నుండి పర్షియాకు వెళ్లిన సరకులలో వస్త్రాలతో పాటు ఉక్కు కూడా ఉండేది. అది గోల్కొండ రాజ్యపు మెట్ట ప్రాంతాలలో తయారైనది. దానితో చేసిన కత్తులపై కనిపించే అలల వంటి చారలు లోకప్రసిద్ధమయ్యాయి. ఆ చారలు మూసలో ఉక్కును కరిగించిన తెలుగువారి పనితనమా, కొలిమిలో సాగగొట్టిన పర్షియా కమ్మరుల పనితనమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

2. మూసలో పోత:

నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వెస్లీ వాయిసీ పరిశీలించాడు. ఆయన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు రకాల ఇనుమును కలిపి, మట్టి మూసలో ఉంచి కరిగించేవారు. ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడు తూకం మొదలు పరీక్ష వరకు దగ్గరుండి చూసుకునేవాడు.

ఇటువంటి ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం ఉంటుంది. నెమ్మదిగా చల్లారేటప్పుడు స్ఫటికాలు చెట్టు కొమ్మల వలె పెరుగుతాయి. వనాడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఆ కొమ్మల సందులలో చేరుతాయి. ఇనుప కార్బైడ్ రేణువుల అంచుల వెంట వలలా అల్లుకోవడంతో ముద్ద పెళుసుగా ఉంటుంది. అందుకే కోనసముద్రంలో ముద్దలకు మట్టి పూసి, 12 నుండి 16 గంటల చొప్పున, తగినంత మెత్తబడే వరకు మళ్లీ మళ్లీ కాల్చేవారు.

3. కొలిమిలో సాగగొట్టుడు:

ఆ పైన కమ్మరి పని. ఎర్రని వేడిలో పలుమార్లు కాల్చి కొడితే కార్బైడ్ వల విరిగి, చిన్న గుండ్రని రేణువులుగా వరుసలు కడుతుంది. ఆ వరుసలే చారలు. వేడి మితిమీరితే కార్బైడ్ కరిగి చారలు మాయమవుతాయి; తెల్లని వేడిలో కొడితే ఉక్కే ముక్కలవుతుంది. లేశమాత్రపు వనాడియం వంటి మూలకాలు లేనిదే ఈ వరుసలు సరిగా ఏర్పడవని జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే తదితరులు 1998లో ప్రకటించారు.

4. ముగింపు:

చారలకు బీజం మూసలో పడింది. రూపం సమ్మెట కింద వచ్చింది. ఏ ఒక్క దశనో చూసి ఈ ఘనతను పంచలేము. పర్షియాలో చారల కత్తులకు గోల్కొండ ఉక్కే తగినదని ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే 17వ శతాబ్దిలోనే రాశాడు. అయినా లోకంలో స్థిరపడిన పేరు డమాస్కస్ ఉక్కు. తయారుచేసినవారి జాడ ‘వూట్జ్’ అనే మాటలో మాత్రమే మిగిలింది. అది ‘ఉక్కు’కు వికృత రూపమని పండితుల అభిప్రాయం. నేటి మెగ్నీషియం మిశ్రలోహాల పరిశోధనలోనూ పోతలో ఏర్పడిన నిర్మాణం, వేడిమీద సాగదీసినప్పుడు అది మారే తీరు అనే రెండింటినీ కలిపే చూస్తారు. గోల్కొండ ఉక్కు చరిత్రకూ ఆ చూపే అవసరం. కోనసముద్రపు మూసను, పర్షియా కొలిమిని కలిపిన మచిలీపట్నం రేవుకు ఆ చరిత్రలో స్థానం దక్కాలి.