యాపిల్ అమ్మకాలు తగ్గితే షేర్ అమ్మేయాలా? వారెన్ బఫెట్ లెక్కే వేరు!

ఈ మూడు నెలల్లో యాపిల్ ఎన్ని ఐఫోన్లు అమ్మింది? ఫ్యాక్టరీలకు ఇచ్చిన ఆర్డర్లు పెరిగాయా, తగ్గాయా? అమెరికా మార్కెట్ ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నల చుట్టే తిరుగుతుంది. బెర్క్‌షైర్ హాథవేను దశాబ్దాల పాటు నడిపిన వారెన్ బఫెట్ మాత్రం వీటిని పెద్దగా పట్టించుకోలేదు.

2016 జనవరి-మార్చిలో ఐఫోన్ అమ్మకాలు తొలిసారి తగ్గాయి. కంపెనీ ఆదాయం కూడా 13 ఏళ్లలో మొదటిసారి పడిపోయింది. సరిగ్గా అదే క్వార్టర్‌లో బెర్క్‌షైర్ దాదాపు 98 లక్షల యాపిల్ షేర్లు కొనేసింది. మొదట కొన్నది ఆయన టీంలోని మేనేజర్. ఆ తర్వాత బఫెటే రంగంలోకి దిగి వాటా పెంచుతూ పోయారు.

ఆయన వాదన ఏంటంటే, వచ్చే ఏడాది వాన పడుతుందా లేదా అని చూసి ఎవరూ పొలం కొనరు. పది, ఇరవై ఏళ్ల పంట చూసి కొంటారు. మూడు నెలల ఐఫోన్ లెక్క కూడా అంతే అని 2018లో చెప్పారు. యాపిల్ అయితే అదే ఏడాది నవంబర్‌లో, ఇకపై ఎన్ని ఐఫోన్లు, మ్యాక్‌లు అమ్మామో చెప్పబోమని ప్రకటించేసింది!

దాంతో అందరి కళ్లూ సప్లయర్ల మీద పడ్డాయి. లేజర్ విడిభాగాలు చేసే లుమెంటమ్, ఒక పెద్ద కస్టమర్ ఆర్డర్లు తగ్గించాడని చెప్పింది. పేరు చెప్పలేదు. అయినా ఆ రోజు యాపిల్ షేర్ 5 శాతం పడింది.

అసలు షాక్ 2019 జనవరి 2న. ఆదాయం 8,900 నుంచి 9,300 కోట్ల డాలర్లు వస్తుందన్న అంచనాను సీఈవో టిమ్ కుక్ 8,400 కోట్లకు తగ్గించారు. చైనాలో డిమాండ్ పడిపోయిందన్నారు. మర్నాడు షేర్ దాదాపు 10 శాతం కూలింది. ఆ భయంలో అమ్ముకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఏడాది చివరికల్లా ధర రెట్టింపు దాటింది.

అలాగని ప్రొడక్షన్ వార్తలన్నీ ఉత్తివే అనుకోవద్దు. జనం ఫోన్ మార్చకపోవడం వేరు, ఫ్యాక్టరీ నడవకపోవడం వేరు. 2022 నవంబర్‌లో కొవిడ్ ఆంక్షల వల్ల చైనాలోని ఝెంగ్‌ఝౌ ప్లాంట్ తక్కువ సామర్థ్యంతో నడిచింది. ఐఫోన్ 14 ప్రో మోడళ్లకు డిమాండ్ ఉన్నా, సరుకు ఆలస్యమైంది. ఇలాంటప్పుడు అమ్మకం చాలావరకు వాయిదా పడుతుందే తప్ప పోదు. ఒకే దేశం మీద ఆధారపడటంలో రిస్క్ కూడా ఇక్కడే బయటపడింది. ఇప్పుడు తయారీ ఇండియా, వియత్నాంలకు విస్తరిస్తోంది. హైదరాబాద్ దగ్గర కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ప్లాంట్ వచ్చింది కూడా ఈ ఊపులోనే.

మరి బఫెట్ అసలు అమ్మలేదా? అమ్మారు, అదీ భారీగా. 2023 చివర్లో 90 కోట్లకు పైగా ఉన్న షేర్లు 2024 సెప్టెంబర్ నాటికి 30 కోట్లకు దిగాయి. ఐఫోన్ అమ్మకాలు పడిపోతాయని మాత్రం ఆయన అనలేదు. లాభాలపై పన్ను రేటు ముందుముందు పెరగొచ్చని 2024 మేలో వాటాదారుల మీటింగ్‌లో చెప్పారు.