సిమెంటు ప్యాచ్, సున్నం ఫిక్స్

గోల్కొండ కోట చూసొచ్చిన మన ఐటీ జనాల్ని కుతుబ్‌షాహీ సమాధులు కూడా చూశారా అని అడిగి చూడండి. ఎక్కువమంది "టైము చాల్లేదండీ" అంటారు. ఎంతో దూరమా, కోటకి ఓ కిలోమీటరు!

ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013లో అక్కడ మొదలుపెట్టిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. నాకు బాగా నచ్చిందేంటంటే, పని పీకెయ్యడంతో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దంలో రిపేరు పేరుతో గుమ్మటాల మీద పూసిన సిమెంటుని గీకేశారు. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, దాంతో పాత సున్నం గోడ నాని పాడవుతుంది. లెగసీ కోడ్ అర్థం చేసుకోకుండా ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? మళ్ళీ సున్నమే పూశారు, బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపి. అది గట్టిపడటానికి చాలా టైము తీసుకుంటుంది, ఏ మేనేజరు తొందరపెట్టినా సరే :)

2013 వానలకే అక్కడి బడీ బావోలీ గోడ కొంత కూలింది. దాన్నీ తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావులకి 2022లో యునెస్కో అవార్డొచ్చింది. ఆ బావిలో చేరే వాననీళ్ళు ఇప్పుడు చుట్టూ ఉన్న తోటకి పనికొస్తున్నాయి.

గోడ బీటలు వదిలేసి, టూరిస్టుల కోసమంటూ ముందు రంగు లైట్లు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. ఈసారి గోల్కొండకెళ్తే ఓ గంట దీనికి ఉంచండి. ముందు బావి చూడండి.