రంగుటద్దముల మందిరము

ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున సేన్ నది నడుమ ఒక లంక కలదు. గోదావరి లంకల నెరిగినవారికి దాని తీరు వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వ మది రాజుల నివాసము. నేడచట న్యాయస్థాన భవనములు కలవు. ఆ భవనములచే సగము మరుగుపడి సాంత్ షపెల్ అను చిన్న చర్చి నిలిచియున్నది. దాని పొడవు 36 మీటర్లు, వెడల్పు 17 మీటర్లు.

దీనిని కట్టించినవాడు తొమ్మిదవ లూయీ రాజు. శిలువ వేయునాడు క్రీస్తు శిరమున నుంచిరని క్రైస్తవులు విశ్వసించు ముండ్ల కిరీటము కాన్‌స్టాంటినోపిల్ చక్రవర్తుల వశమున నుండెను. ఖజానా వట్టిపోగా అది వెనీసువారికడ తాకట్టున పడినది. లూయీ ఆ అప్పు తీర్చి విడిపించెను. 1239లో అది ఫ్రాన్సు చేరగా, సోదరునితో గూడి వట్టికాళ్లతో దానిని మోసెను. కిరీటమునకు 1,35,000 లివ్రులు, దాని నుంచుటకు కట్టిన మందిరమునకు 40,000 లివ్రులు వ్యయమైనవని చరిత్రకారులు చెప్పుదురు. నగకంటె నగపెట్టె చౌక యగుట వింతగాదు.

1248 ఏప్రిల్ 26న మందిర ప్రతిష్ఠ జరిగెను. అంతస్తులు రెండు. క్రిందిది కొలువుకాండ్రది, పొట్టిది, మసక వెలుతురుది. పైది రాజుది. ఇరుకు మెట్లెక్కి పైకి చేరినవానికి గోడ యనునది దాదాపు కనబడదు, చుట్టును రంగుటద్దములే!

మన మండపములందు స్తంభముపై రాతిదూలము పరుండును. బరువు నిలువున దిగును. గాథిక్ శిల్పులు మొనదేలిన కమానులను కట్టి, కప్పు బరువును కొన్ని చోట్లకే మరలించిరి. మెదకు చర్చి చూచినవా రా కమానుల నెరుగుదురు. వెలుపల ఆనించి కట్టిన లావుపాటి రాతి దిమ్మలు ఆ త్రోపుడు నాపును. నడుమ గోడతో పనిలేదు. అంతటితో ధైర్యము చాలకనేమో, కట్టడము చుట్టును ఇనుప గొలుసులు బిగించి, కిటికీల అడ్డుకమ్ములవలె కనబడునట్లు దాచిరి. ఇది కపటమందురో, నేర్పందురో! 770 ఏండ్లు దాటినను కప్పు నిలిచియున్నది.

కిటికీలు 15; వానియందు దృశ్యములు 1,113. ఉత్తరపు గోడ పడమటి కొసను సృష్టికథతో ఆరంభమగును. సామాన్యముగ క్రిందినుండి పైకి చదువవలెను. చివరి కిటికీలో కిరీటము ఫ్రాన్సునకు వచ్చిన కథయే కలదు. కట్టించిన రాజు అందొక పాత్ర. ఈ రంగులు పైపూతలు గావు. గాజు కరగునపుడే కోబాల్టు కలిపి నీలమును, రాగి కలిపి ఎరుపును తెచ్చిరి. ముక్కలను సీసపు బద్దలతో కూర్చిరి. ముఖములు, వస్త్రముల మడతలు మాత్రము నల్లని వర్ణముతో వ్రాసి కొలిమిలో కాల్చిరి. పడమటి గులాబీ కిటికీ 15వ శతాబ్దాంతమున చేర్చబడినది.

1789 విప్లవానంతరము కిరీటపు బంగారు పేటిక కరగింపబడెను, శిఖరము కూల్చబడెను, కిరీటము తుదకు నోత్ర దామ్ చర్చికి చేరెను. 19వ శతాబ్దారంభమున ఖాళీ మందిరమును న్యాయస్థానపు దస్తరముల కొట్టుగ మార్చిరి. కాగితముల కట్టలకు బీరువాలు కావలెను. బీరువాలకు గోడలు కావలెను! అందుచే కిటికీల అడుగుభాగమున సుమారు రెండు మీటర్ల మేర అద్దములు తీసివేసిరి. వానిలో కొన్ని అమ్ముడుపోయి పరదేశముల పాలైనవి. దస్తరముల విలువ తెలిసినవారికిని ఇది మింగుడుపడని సంగతియే. అయినను, ఏదో యొక పనికి వచ్చుటచేతనే కట్టడము కూల్చివేత తప్పించుకొన్నదని చెప్పువారును కలరు.

1840 ప్రాంతమున జీర్ణోద్ధరణ ఆరంభమైనది. ద్యూబాన్, లాస్యూ, వియొలె-ల-ద్యూక్ అను శిల్పులు దానికి పూనుకొనిరి. ఊడిన అద్దములను పాతవాని పోలికనే చేయించిరి. నేటికిని మూడింట రెండు వంతులు తొలినాటివే. రెండవ ప్రపంచయుద్ధమున అద్దములను విప్పి భద్రపరచి, తరువాత మరల అమర్చిరి. 2015లో ముగిసిన మరమ్మతులో, పాత అద్దములకు వెలుపల కాపుగా మరియొక గాజుపొర నమర్చిరి.

2019లో నోత్ర దామ్ తగులబడినపుడు ముండ్ల కిరీటమును మంటలనుండి వెలికితెచ్చిరి. అది సాంత్ షపెల్‌కు తిరిగి రాలేదు. దాని నుంచిన ఎత్తైన వేదిక పైయంతస్తు తూర్పు కొసను నేటికిని కలదు. దానిపై ఏమియు లేదు. ఎండకాసిన దినమున నీలము, ఎరుపు కలిసిన వెలుగు మాత్రము దానిపై పడుచుండును.